చేతికిచ్చింది చేతిలో ఉండగానే

జూలైలో మా అమ్మాయికి 18 ఏళ్ళు నిండాయి. పుట్టినరోజుకి ఎక్కడ తిందామే అని అడిగితే, "అమ్మమ్మ వచ్చినప్పుడు వెళ్ళాం కదమ్మా, డౌన్‌టౌన్‌లో హ్యాండ్ రోల్ బార్. అక్కడికే" అంది. నాకు నోట మాట రాలేదు. గత తొమ్మిదేళ్ళలో ఆ చోటుని నేను తిట్టినన్ని తిట్లు, నెలకోసారి మొరాయించే మా గ్యారేజి తలుపుని కూడా తిట్టలేదు. ఎవరైనా సుషీ ఊసెత్తితే చాలు, "అబ్బో, మేం వెళ్ళాంలెండి ఒకసారి" అని మొదలుపెట్టి, గంటసేపు లైన్లో నిలబడటం దగ్గర్నుంచి బిల్లు దాకా పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. ఆ కథ విని విని మా స్నేహితులకి కంఠతా వచ్చేసింది.

తెలియనివాళ్ళ కోసం ముందు ఈ హ్యాండ్ రోల్ ఏంటో చెప్తాను. సుషీ అనగానే మనకి గుర్తొచ్చేవి పళ్ళెంలో వరసగా పేర్చిన చిన్న చిన్న ముక్కలు. ఇది అలా కాదు. నోరి అని సముద్రపు నాచుతో చేసిన పల్చటి నల్లటి రేకు ఉంటుంది. అందులో గోరువెచ్చటి అన్నం, దాని మీద చేపో పీతో పెట్టి, చుట్టలా చుట్టి చేతికిస్తారు. జపాన్ వాళ్ళు దీన్ని తెమాకి అంటారు. కోయడం, పేర్చడం, చాప్‌స్టిక్స్‌తో కుస్తీ పట్టడం ఉండవు. చేత్తో పట్టుకుని కొరకడమే. లాస్ ఏంజలెస్ డౌన్‌టౌన్‌లో 2014లో కజునోరి అనే షాపు కేవలం వీటికోసమే మొదలైంది. తర్వాత న్యూయార్క్‌లోనూ తెరిచారు. ఆ దెబ్బతో అలాంటివి చాలా పుట్టుకొచ్చాయి. మేం వెళ్ళింది ఆ తరహావాటిలో ఒకదానికి. పేరెందుకులెండి, తొమ్మిదేళ్ళు తిట్టిన పాపం చాలు.

నేను డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని. నోరి అంటే నాకు తెలిసింది నోరి నరసింహశాస్త్రి గారు, ఆయన చారిత్రక నవలలు. మొదటిసారి మెనూలో ఆ మాట చూసి నాలో నేనే నవ్వుకున్నాను. మావారికి చెప్తే "ఆయనెవరు?" అన్నారు. ఆయన ఇంజనీరింగ్‌లెండి.

2016 అక్టోబరు. అమ్మ విజిటర్ వీసా మీద ఆరు నెలలుండటానికి వచ్చింది. మావారికి ఆఫీసులో ఏదో ప్రమోషన్. వాళ్ళ టీమ్‌లో కుర్రాళ్ళంతా ఆ షాపు గురించే చెప్పుకుంటున్నారట, పార్టీ అక్కడే అన్నారు. పిల్లకి తొమ్మిది, పిల్లాడికి ఐదు. బార్ అన్న మాట వినగానే అమ్మ కంగారుపడిపోయింది. "బారేంటండీ అల్లుడుగారూ, పిల్లల్ని పెట్టుకుని!" ఆ బార్ కాదత్తయ్యా, గట్టు చుట్టూ కూర్చుని తినే చోటు అని మావారు విడమరిచి చెప్పాక గానీ చీర మార్చుకోలేదు.

గంటా పది నిమిషాలు నిలబడ్డాం. 66 ఏళ్ళ మనిషిని ఫుట్‌పాత్ మీద అంతసేపు నిలబెట్టినందుకు నాకు లోపల ఉడికిపోతోంది. అందరూ వస్తేగానీ కూర్చోనివ్వరు, మావారేమో కారు పార్కింగ్ కోసం వీధులన్నీ తిరుగుతున్నారు. లోపలికెళ్తే బల్లల్లేవు. గుర్రపులాడం ఆకారంలో పొడుగాటి చెక్క గట్టు, చుట్టూ ఎత్తు స్టూళ్ళు, మధ్యలో వంటవాళ్ళు. అమ్మని ఆ స్టూలు ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది. అయిదుగురం ఒకే వరసలో, బస్సులో వెనక సీట్లో కూర్చున్నట్టు కూర్చున్నాం. ఆ చివర మావారు, ఈ చివర నేను. ఒకరి మొహాలు ఒకరికి కనపడవు. ఒక కాగితం, పెన్సిలు ఇచ్చారు, కావలసినవాటికి టిక్కు పెట్టాలి. మూడు రోల్స్ సెట్టు, నాలుగు, ఐదు, ఆరు. మాది నరసాపురం. చేప తెలియని ఊరు కాదు. కానీ మా ఊళ్ళో చేపంటే పులుసు, వేపుడు, ఇగురు. నిప్పు తగలని చేపని పిల్లికి తప్ప ఎవరికీ పెట్టం. అమ్మకీ నాకూ ఉడికించిన పీత, కీరదోసకాయ ఉన్నవి టిక్కు పెట్టాను.

తర్వాత జరిగింది ఇదీ. వంటాయన ఒక రోల్ చుట్టి నా ముందు పెట్టాడు. నేను ఎప్పటిలాగే పిల్లాడి వైపు తిరిగాను. వాడు చేప వాసన అని ముక్కు మూసుకుని కూర్చున్నాడు. వాడికి నీళ్ళు పట్టించి, మారాం మాన్పించి, అమ్మాయి ఒళ్ళో సాస్ ఒలకబోసుకుంటే తుడిచి, అమ్మ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకున్నాను. ఈలోపు మా ఆయన "ఆగు ఆగు, ఫొటో" అన్నారు. ఆగాను. వంటాయన నా వైపు వంగి, చాలా మర్యాదగానే, వెంటనే తినండి, లేకపోతే బాగుండదు అన్నాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. పదిమందిలో నన్నే అనాలా? నేనేమన్నా ఖాళీగా కూర్చున్నానా? తీరా నోట్లో పెట్టుకుంటే, తడిసిన గోనెపట్టా నమిలినట్టుంది. పళ్ళకి తెగదు, లాగితే లోపలి అన్నమంతా పళ్ళెంలోకి జారిపోయింది. ఇదా ఈ గొప్ప, అనుకున్నాను. అంతే, ఆ రోజే తీర్పు రాసేశాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆయన తప్పేముంది? నోరి రేకు మన అప్పడంలాంటిది. ఎండబెట్టి, సెగ చూపించి, గాలి తగలకుండా డబ్బాలో దాచి ఉంచుతారు. వెచ్చటి అన్నం తగిలిన క్షణం నుంచీ ఆవిరి పీల్చుకోవడం మొదలుపెడుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో కరకర పోయి సాగుతుంది. పప్పన్నంలోకి అప్పడం పెట్టుకుని, ఫోన్ మాట్లాడి వచ్చి, "అప్పడం మెత్తగా ఉందేంటి" అని వంటమనిషిని తిడితే ఎలా ఉంటుంది? నేను చేసింది సరిగ్గా అదే.

అయితే అప్పడం దాకా ఎందుకు, అట్టు సంగతి చూడండి. మినపట్టు పెనం మీంచి తీసిన నిమిషంలో తింటే ఒక రుచి, పది నిమిషాలాగితే చెప్పు అట్ట. ఈ విషయం నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఇరవై రెండేళ్ళుగా వేస్తున్నాను. మా ఇంట్లో ఎవ్వరూ చల్లారిన అట్టు తినరు, నేను తిననివ్వను. "మొబైల్ పక్కన పెట్టు, చల్లారిపోతోంది" అని నేను వంటింట్లోంచి అరిచే అరుపు పక్కింటి కొరియన్ ఆవిడకి కూడా అలవాటైపోయింది. మరి నేను? నా అట్లు చివర్న, పిండి అడుగుకి వచ్చాక వేసుకున్నవి రెండు. అవి కూడా పెనం కడిగి, స్టవ్ తుడిచి, అప్పుడు. చట్నీ మిగిలితే చట్నీ, లేకపోతే ఆవకాయ. వేడి వేడి అట్టు రుచి గురించి ఇంటిల్లిపాదికీ ఉపన్యాసాలిచ్చే నేను, దాన్ని ఆఖరిసారి ఎప్పుడు తిన్నానో చెప్పలేను. మీలో ఎంతమందికి ఇది కొత్త విషయం? చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు.

అమ్మ ఇంకా ఘోరం. నాన్న, మేం ముగ్గురం, నాయనమ్మ, వచ్చేపోయేవాళ్ళు. కట్టెలపొయ్యి దగ్గర పీట మీద కూర్చుని వేస్తూనే ఉండేది. ఆవిడ తినడం నేను చూసినట్టే గుర్తులేదు. మా గోదావరి జిల్లాల్లో ఏ ఇల్లాలికైనా ఇచ్చే పెద్ద బిరుదు "డొక్కా సీతమ్మగారంటే నువ్వేనమ్మా" అని. సీతమ్మగారు లంకల గన్నవరంలో, గోదారి పాయ దాటి వచ్చినవాళ్ళకి వేళ, కులం చూడకుండా అన్నం పెట్టిన మహాతల్లి. 1909లో పోయారు. అంతర్వేది తీర్థానికి బయల్దేరి కూడా, దారిలో ఎవరో ఆకలితో వస్తున్నారని తెలిసి వెనక్కి తిరిగి వంట మొదలుపెట్టిందట. చిన్నప్పట్నుంచీ ఈ కథ విన్నాం, విన్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది. ఆవిడ మీద నాకున్న గౌరవం ఇసుమంత తగ్గదు. కానీ ఇన్నిసార్లు విన్న ఆ కథలో, ఆ రోజు ఆవిడ ఎప్పుడు తిన్నదన్న మాట ఎవరూ చెప్పరు. మేమూ అడగలేదు.

ఇది ఎక్కడ రాసినా ఒక కామెంటు తప్పకుండా వస్తుంది. మా ఆడపడుచే అంటుంది: "అందరూ తిన్నాక తింటేనే వదినా నాకు తృప్తి. వాళ్ళు తింటుంటే నా కడుపు నిండిపోతుంది." అబద్ధమని నేననను. నాకూ ఉంటుంది ఆ తృప్తి. అందరూ వెళ్ళిపోయాక, పొయ్యి పక్కన నిలబడి, పెనం మీద మాడిన అంచుని గోకి తింటూ ఏదో పుస్తకం తిరగేసే ఆ పది నిమిషాలు నావే. అది ఎవరైనా లాక్కుంటే నేనే ఒప్పుకోను. కానీ అదొక్కటే నా వాటా అయితే? రోజూ అయితే? ఇష్టపడి ఆగడానికీ, ఆగడం తప్ప ఇంకోటి తెలియకపోవడానికీ తేడా ఉందా లేదా? ఆ రోజు నా ముందు పెట్టిన రోల్ నాకోసమే చుట్టింది. నన్నెవ్వరూ ఆగమనలేదు, నాకే తినడం తెలియలేదు.

ఇంక మావారు. ఈయన న్యాయంగా మాట్లాడితే చాలా మంచివారు. "నువ్వూ కూర్చో, అందరం కలిసి తిందాం" అని ప్రతి ఆదివారం అంటారు. కూర్చుని అంటారు. అందరం కలిసి కూర్చుంటే అట్టు ఎవరు వేస్తారండీ? ముందే పాతిక వేసి హాట్‌ప్యాక్‌లో పెడితే అందరం కలిసి చెప్పు అట్టలు తినాలి. అందుకే "కూర్చో" అన్న మాటకి మా ఇంట్లో ఇన్నేళ్ళూ ఏ విలువా లేకుండా పోయింది.

జపాన్ ఇళ్ళల్లో దీనికో దారి ఉంది. హ్యాండ్ రోల్ అసలు బార్‌ది కాదు, ఇంటిది కూడా. పండగకో, పుట్టినరోజుకో బల్ల మధ్యలో ఒక గిన్నెలో పులుపు కలిపిన అన్నం, పళ్ళెంలో చేప ముక్కలు, కీరా, గుడ్డట్టు, పక్కన నోరి రేకులు పెట్టేస్తారు. ఎవరిది వాళ్ళు చుట్టుకుని తింటారు. అన్నం కలపడం మన పులిహోరకి అక్కచెల్లెలు వరస. వండిన అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టెలో పోసి, వెనిగరు, పంచదార, ఉప్పు కలిపిన నీళ్ళు చల్లి, విసనకర్రతో విసురుతూ మెతుకు చితక్కుండా కలుపుతారు. తాంబాళంలో అన్నం ఆరబోసి చింతపండు పులుసు పట్టించే అమ్మ చెయ్యి గుర్తొచ్చింది నాకు ఆ వీడియో చూస్తుంటే. ఆ పని అయిపోయాక మాత్రం వండినావిడ కూడా అందరితో బల్ల దగ్గర కూర్చుంటుంది. వాళ్ళ ఆడవాళ్ళకి ఇంటిచాకిరీ తక్కువని కాదు నేననేది. ఆ ఒక్క పూట సంగతి.

సరే, ఈ జూలైకి వద్దాం.

ఈసారి లైనే లేదు. శనివారం సాయంత్రం ఆరున్నరకి వెళ్తే అయిదు నిమిషాల్లో కూర్చోబెట్టారు. నాలుగైదు స్టూళ్ళు ఖాళీ. ఫ్యాషన్ ఇంకెక్కడికో వెళ్ళిపోయినట్టుంది. కాగితం, పెన్సిలు పోయాయి, ఫోన్‌తో స్కాన్ చేయాలి. ఆ పెన్సిలు పోయినందుకు మా అమ్మాయి నిజంగా బాధపడింది, చిన్నప్పుడు ఒకటి కొట్టుకొచ్చిందట, ఇప్పటికీ డెస్కులో ఉందట! నాకు ఇప్పుడు తెలిసింది. పాట మోత ఎక్కువైంది. ధర సంగతి చెప్పను, మీకే తెలుసు ఇక్కడ గుడ్లు కూడా ఎలా ఉన్నాయో. గట్టు వెనక మాత్రం ఈసారి పాతికేళ్ళు కూడా ఉండని అమ్మాయి.

మొదటి రోల్ నా ముందే పెట్టింది. అదే క్షణంలో మా వాడు, 14 ఏళ్ళవాడు, నాకంటే జానెడు పొడుగు, "అమ్మా, వాటర్" అన్నాడు. నా చెయ్యి దానంతటదే జగ్గు వైపు వెళ్ళింది. చూడండి, శరీరానికి ఎంత శిక్షణో! మా అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. "వాడికి చేతులున్నాయి. నువ్వు తిను" అంది. ఇంగ్లీషులో కాదు, తెలుగులోనే. అరవలేదు, నవ్వలేదు. మావారు ఆ మాట విని, ఏమీ అనకుండా జగ్గు అందుకుని వాడికి పోశారు.

తిన్నాను. ముందు చప్పుడు వినిపించింది, కరకరమని, కొత్త నోటు మడిచినట్టు. ఆ తర్వాత వెచ్చటి అన్నం, కొంచెం పులుపు, కొంచెం తీపి, ఆ తర్వాత పీత. నాచు సముద్రపు గాలిలా ఉప్పుగా ఉంది, కానీ నీచు లేదు. మా అమ్మ పీతల ఇగురుతో పోల్చను, అది వేరే లోకం. కానీ బాగుంది. చాలా బాగుంది. తొమ్మిదేళ్ళు దీన్నా నేను గోనెపట్టా అన్నది? ఊపులో సాల్మన్‌ది కూడా ఒకటి తిన్నాను, పచ్చిదే. వెన్నలా ఉంది, మళ్ళీ తింటాను. స్కాలప్ అని ఒక రకం ఆల్చిప్ప మాంసం మాత్రం నా వల్ల కాలేదు. జారిపోతుంది. అది మావారికి పంపేశాను, ఆ వరసలోంచి చేతులు మారుతూ వెళ్ళేసరికి దాని నోరి మెత్తబడింది. "సాగుతోందేంటి" అన్నారు. నేను మాట్లాడలేదు.

అయినా ఆ చోటు గొప్పదని ఇప్పుడు భజన చెయ్యను. వరసలో కూర్చుని, ఎవరి రోల్ వాళ్ళు గబగబా తినేసి, ముప్ఫై నిమిషాల్లో బయటికి రావడం నాకింకా నచ్చలేదు. ముచ్చట్లేవి? పుట్టినరోజు పిల్ల మొహం చూడాలంటే నేను ముందుకి వంగాల్సి వచ్చింది. పైగా ఒక అనుమానం ఊరుకోనివ్వక ఆ వంటమ్మాయిని అడిగాను, నువ్వెప్పుడు తింటావమ్మా అని. ఆ పిల్ల నవ్వి, షాపు మూసేశాక, ఇంటికెళ్ళి, చాలాసార్లు సీరియల్‌లో పాలు పోసుకుని, అంది. అర్ధరాత్రి! మాకందరికీ క్షణం ఆలస్యం కాకుండా వేడి వేడిగా చుట్టిచ్చిన పిల్ల తినేది చల్లటి పాలల్లో అటుకుల్లాంటివి. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళ గతి ఏ దేశంలోనైనా అంతేనేమో. టిప్పు కొంచెం ఎక్కువే పెట్టమన్నాను. దాంతో లెక్క సరిపోతుందని కాదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఈ నోరి సంగతేంటని చదువుతూ కూర్చున్నాను. చదివిన వాటిలో ఒకటి చెప్పకుండా ఉండలేను. జపాన్‌లో నోరి పంట ఒకప్పుడు జూదంలాంటిదట. చలికాలంలో వస్తుంది, ఎండాకాలంలో మాయమైపోతుంది. మధ్యలో ఆ నాచు ఎక్కడుంటుందో, విత్తనం ఎక్కడ్నుంచి వస్తుందో వందల ఏళ్ళు సాగు చేసినవాళ్ళకి కూడా తెలీదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పంట బాగా దెబ్బతింది. ఆ రహస్యం విప్పింది ఇంగ్లండులో మాంచెస్టర్‌లో ఉన్న ఒకావిడ, కాథ్లీన్ డ్రూ బేకర్. ఆ నాచు ఎండాకాలమంతా సముద్రంలో గవ్వల్లో, చిప్పల్లో దూరి, చూడటానికి పూర్తిగా వేరే మొక్కలా, గులాబి రంగు మరకలా బతుకుతుందని 1949లో ప్రకటించారు. జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకుని చిప్పల మీద విత్తనం పెంచడం నేర్చుకున్నారు. ఈవాళ మనం తినే ప్రతి నోరి రేకు వెనక ఆవిడ ఉన్నారు. క్యుషు దీవిలో, ఉతో అనే ఊళ్ళో 1963లో రైతులు ఆవిడకి స్మారకం కట్టారు, సముద్రపు తల్లి అని పిలుచుకుంటారు, ఏటా ఏప్రిల్ 14న తలుచుకుంటారు. ఆవిడ జపాన్ ఎప్పుడూ చూడలేదు. 1957లోనే పోయారు.

ఇంతకీ నేను ఆగిపోయింది ఎక్కడంటే, ఆవిడ యూనివర్సిటీలో లెక్చరరుగా ఉండేవారు. 1928లో పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళైన ఆడవాళ్ళని ఉద్యోగంలో ఉంచుకోకూడదన్న రూలు వల్ల ఆ ఉద్యోగం పోయింది. ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ, జీతం లేకుండానే పరిశోధన చేసుకున్నారు.

ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు సీలింగు చూశాను. నేను శాస్త్రవేత్తని కాదు, పోలిక పెట్టుకునే ధైర్యం లేదు. 2004లో డిపెండెంట్ వీసా మీద వచ్చాను, ఉద్యోగం చెయ్యకూడదు. 2015లో మాలాంటి కొందరికి పని చేసుకునే అనుమతి ఇచ్చినప్పుడు, పదకొండేళ్ళు ఖాళీ ఉన్న తెలుగు బీఏకి ఇక్కడ ఏ పనిస్తారులే అని నేనే ఊరుకున్నాను. ఎవరి మీదా నింద వెయ్యను. కానీ "వెంటనే తినండి, లేకపోతే బాగుండదు" అన్న మాట ఆ రాత్రి రోల్ గురించి అన్నట్టు అనిపించలేదు.

పొద్దున్న చెప్తే మా అమ్మాయి, "సో? ఇప్పుడు చెయ్యి" అంది. ఆగస్టు 20న వెళ్ళిపోతోంది, ఆరు గంటల ప్రయాణం దూరంలో కాలేజీ. దానికన్నీ అంత తేలికే.

ఒకటి మర్చిపోయాను. ఆ పుట్టినరోజు సాయంత్రం ఇంటికి రాగానే అమ్మకి ఫోన్ చేశాం. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ ఆదివారం పొద్దున్న తొమ్మిది. అమ్మకిప్పుడు 75, మోకాళ్ళు, ఇంక ఇంత దూరం రాలేదు. మీ అమ్మమ్మకి ఆ షాపు గుర్తే ఉండదు అన్నాను నేను. అమ్మమ్మా, అప్పుడు స్టూలెక్కి తిన్నావు చూడు, అని మనవరాలు అడగ్గానే, "ఎందుకు గుర్తులేదే" అంది. "ఆ కుర్రాడు నల్ల కాగితంలో పీత చుట్టి నా చేతికిచ్చాడు. మీరందరూ ఫొటోలు తీసుకుంటా కూర్చున్నారు, నేను తినేశా. కరకరలాడతా ఎంత బాగుందనుకున్నావు! నేను తినేదాకా ఆ కుర్రాడు నన్నే చూస్తా నిలబడ్డాడే. బాగుందా అని తలూపి అడిగాడు. నేనూ ఊపాను."

అయిదుగురిలో ఆ రోజు ఆ రోల్‌ని తినాల్సినట్టు తిన్నది అమ్మ ఒక్కతే అన్నమాట. ఇంగ్లీషు ముక్క రాని మనిషి, జీవితమంతా ఆఖర్న తిన్న మనిషి. నేను పక్కనే కూర్చుని కూడా చూడలేదు, పిల్లాడికి నీళ్ళు పట్టిస్తున్నాను.

"మరి మాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అన్నాను.

"నువ్వు బాలేదు బాలేదని అందరికీ చెప్తున్నావు కదే. నేను బాగుందని ఎలా చెప్తాను?"

టిఫిన్ తిన్నావా అని అడిగాను. "ఇదిగో, పనమ్మాయికి రెండట్లేస్తున్నా. దాందయ్యాక నేనూ వేసుకుంటా" అంది. పెనం మీద పిండి పడ్డ చప్పుడు ఫోన్లో వినిపించింది.

అప్పట్నుంచి మా ఇంట్లో ఆదివారాలు వంతులేశాం. అమ్మాయి పెట్టిన రూలు, వెళ్ళేలోపు అలవాటు చేసి వెళ్తుందట. ఒక్కో వారం ఒక్కొక్కరు పెనం దగ్గర. మా వాడి వారం మూడు అట్లు నేలపాలయ్యాయి, మిగతావి పర్లేదు. పోయిన వారం మావారి వంతు. ఉల్లిపాయ సగానికి కోసి పెనం రుద్దాలని నేను కుర్చీలోంచి చెప్పబోతే, అమ్మాయి కళ్ళురిమింది. ఊరుకున్నాను. మొదటి అట్టు విరిగింది, రెండోది పెనానికి అంటుకుంది. మూడోది గుండ్రంగా కాదు గానీ, ఆంధ్రప్రదేశ్ మ్యాపులా, కోస్తా వైపు కాస్త మాడి వచ్చింది. దాన్ని అట్లకాడ మీదే తెచ్చి నా పళ్ళెంలో వేసి, పక్కనే నిలబడ్డారు.

"ఎలా ఉంది?" అన్నారు.

"నోట్లో ఉంది, ఆగండి" అన్నాను.